చీటీలో దానికి వచ్చిన కోట

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, డెబ్బైల చివర్లో, మా ఇంగ్లిషు మేష్టారికి ఎక్కడినుంచో స్కాట్లండు అమ్మాయి చిరునామా ఒకటి దొరికింది. కలం స్నేహం చేసుకుంటే భాష వస్తుందన్నారు. చిరునామా ఒక్కటి, మేం ముప్ఫైమంది ఆడపిల్లలం. చీటీలు వేశారు. నా బెంచీలోనే కూర్చునే నా ప్రాణస్నేహితురాలికి వచ్చింది.

దానికి ఇంగ్లిషులో ఒక్క వాక్యం తిన్నగా రాయడం రాదు. వాళ్ళది మండపేట శివార్లలో వరి పండించే కుటుంబం. మాది బజార్లో కిరాణా కొట్టు. మా నాన్న నాకు ట్యూషను పెట్టించారు. అంచేత అది తెలుగులో చెబితే నేను ఇంగ్లిషులో రాసేదాన్ని, కింద అది సంతకం పెట్టేది. వచ్చిన జవాబు చదివి తెలుగులో చెప్పేదీ నేనే. పేరు మాత్రం దానిది.

రెండో ఉత్తరంలో ఫోటో వచ్చింది. గుట్ట మీద పాడుబడ్డ కోట, కింద చెరువు. పైకప్పు లేదు. నాలుగు గోడలు, సగం విరిగిన బురుజు, కిటికీలోంచి మొలిచిన చెట్టు. ఆ అమ్మాయి ఇల్లు ఆ గుట్ట కిందే. ఆరేడువందల ఏళ్ళ కిందట ఒక దొర కట్టించాడట. చెరువుకి అవతలి దొరకీ ఈయనకీ పశువుల దగ్గర తగువొచ్చి, మూడు తరాలు కొట్టుకున్నారట. చివరికి అవతలివాళ్ళు వచ్చి కప్పుకి నిప్పు పెట్టారు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు ఎవరికి కావలసిన రాళ్ళు వాళ్ళు మోసుకుపోయి పశువుల కొట్టాలు కట్టుకున్నారు. తమ వంటింటి గోడలో కూడా కోట రాయి ఒకటుందనీ, దాని మీద సింహం తోక చెక్కి ఉందనీ రాసింది.

ఆ తోక చదివినప్పుడే నా ఒళ్ళు మండింది. మా ఇంటి గోడలో ఏముంది? తవుడు దుమ్ము. చుట్టూ రైసు మిల్లులే కదా.

మర్నాడు స్నేహితురాలు ఫోటో బడికి తెచ్చింది. ఇంటర్వెల్లులో అందరూ దాని చుట్టూ మూగారు. నేను చదివి చెప్పిన కథే అది చేతులు తిప్పుతూ చెప్పింది, తగువు మూడు తరాలైతే అయిదు తరాలని. "మీ కోటలో దయ్యాలున్నాయటే?" అని అడిగారు. మీ కోటట! నేను పక్కనే నిలబడి నవ్వుతున్నాను, లోపల ఏడుపు.

దయ్యాల సంగతి నాలుగో ఉత్తరంలో వచ్చింది. ఆకుపచ్చ గౌను వేసుకున్న ఒకావిడ విరిగిన బురుజులో కనిపిస్తే, ఆ వంశంలో ఎవరో పోతారట. ఇంకోడున్నాడు, ఒళ్ళంతా వెంట్రుకలున్న మరుగుజ్జు. ఇంట్లో అందరూ పడుకున్నాక వచ్చి పిండి విసిరి, గదులూడ్చి, గిన్నెడు పాలు తాగి పోయేవాడు. చలికి వణుకుతున్నాడని జాలిపడి ఇంటావిడ చొక్కా కుట్టి పెట్టింది. అంతే, అలిగి వెళ్ళిపోయాడు. ఆ ఏడే కోట తగలబడిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారట.

స్నేహితురాలి మామ్మగారు చేటలో బియ్యం ఏరుతూ విన్నారు. "ఇదేం చోద్యమే! బట్టలు పెడితే అలుగుతాడా? మన పాలేళ్ళకి పండక్కి పెట్టకపోతే అలుగుతారు గానీ." నాకూ నవ్వొచ్చింది. కానీ ఇంటికి వెళ్ళేదాకా ఒకటే బాధ. ఆ మరుగుజ్జుని ఒక్క ముక్క పొల్లుపోకుండా తెలుగులోకి తెచ్చింది నేను. వాడు మాత్రం దాని కోటలోవాడు.

కార్తీకంలో దానికి జ్వరం తగిలింది. డాక్టరుగారి మందు వారం వాడినా తగ్గలేదు. మామ్మగారు నన్ను పెరట్లోకి పిలిచారు.

"దిష్టే అమ్మడూ. ఆ ఫోటో బడంతా చూపించింది కదా, ఏ కన్ను పడిందో! చూసినవాళ్ళ కాలికింద మట్టి తెచ్చిపెట్టమ్మా, ఉప్పూ మిరపకాయల్లో కలిపి తీసేస్తాను. నువ్వైతే ఎవరికీ అనుమానం రాదు."

నేనైతే అనుమానం రాదు! తల ఊపి వచ్చేశాను. నోట్సు కావాలని నలుగురు పిల్లల ఇళ్ళకి వెళ్ళాను. వాళ్ళు వాకిట్లోకి వచ్చి అడుగు వేసిన చోట, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, చిటికెడు మట్టి తీసి పొట్లంలో వేసుకున్నాను. ఒకమ్మాయి ఇల్లంతా గచ్చు. దాన్ని జామచెట్టు దాకా నడిపించాల్సి వచ్చింది. పాపం, జామకాయలు కూడా కోసిచ్చింది.

తిరిగి వస్తూ స్నేహితురాలి వీధి మలుపులో ఆగాను. చుట్టూ చూసి, చెప్పు విప్పి, నా కుడికాలి కింద మట్టి గుప్పెడు తీశాను. మిగతావాళ్ళవి చిటికెడే.

సంజెవేళ మామ్మగారు స్నేహితురాల్ని పీట మీద కూర్చోబెట్టి, గుప్పిట మూడుసార్లు చుట్టూ తిప్పి, పొయ్యిలో పడేశారు. మిరపకాయలు చిటపటలాడాయి. ఒక్కరికీ దగ్గు రాలేదు. "చూశారా, ఘాటే లేదు! ఎంత దిష్టి ఉంటే అలా అవుతుందీ! ఆ గచ్చు ఇంటిపిల్లదే. దాని చూపే అంత. రేపు వాళ్ళమ్మనే అడుగుతాను," అన్నారు మామ్మగారు.

నాకు జామకాయలు గుర్తొచ్చాయి.

"నాదండీ," అన్నాను. "నా మట్టి కూడా వేశాను. ఎక్కువే వేశాను."

మామ్మగారు నవ్వేశారు. "నువ్వు మా ఇంటి పిల్లవి. నీకేం దిష్టే!" అని లోపలికి వెళ్ళిపోయారు. స్నేహితురాలు నవ్వలేదు. దుప్పటి కప్పుకుని నా వంక చూసింది.

"కోట కోసమా?"

తల ఊపాను.

"అడిగితే ఇచ్చేసేదాన్ని కదే. ఆ రాళ్ళూ దయ్యాలూ నేనేం చేసుకోను? ఉత్తరం వస్తే నువ్వు మా ఇంటికొచ్చి సాయంత్రం దాకా కూర్చుంటావని ఉంచుకున్నాను."

నాలుగు రోజులకి జ్వరం తగ్గింది. మందువల్లో మట్టివల్లో ఎవరూ తేల్చలేదు. లేవగానే అది చేసిన మొదటి పని, కొత్త ఉత్తరం కింద సంతకం పెట్టమని కలం నాకివ్వడం. ఇన్నాళ్ళూ రాసింది ఎవరో, ఇకమీదట ఎవరు రాస్తారో వివరంగా రాసి, నా పేరు పెట్టి, మా ఇంటి చిరునామాతో పంపించాను.

జవాబు రాలేదు. ఆకుపచ్చ గౌను ఆవిడ తర్వాత ఎవరి కోసం కనిపించిందో, సింహం తోక రాయి ఏమైందో తెలియలేదు. నెలల తరబడి బడికి రాగానే స్నేహితురాలు అడిగేది, "వచ్చిందా?" అని. లేదంటే, నాకంటే ఎక్కువ దిగులు పడేది. అడిగిన ప్రతిసారీ దాని మొహంలో కాస్తైనా కుళ్ళు ఉందేమోనని వెతికాను. రవ్వంత దొరికి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది.