ఒంటి చెవికి దిక్కు తెలియదు

నా చిన్నప్పుడు మా మేనత్తను వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఆవిడ ముందు వీధివైపు చూసేది, తర్వాత పెరటివైపు చూసేది, ఒక్కోసారి చూరువైపు కూడా చూసేది. ఇంట్లో పిల్లలకి అదో వేడుక. ఆవిడకి కుడిచెవి ఊహ తెలిసినప్పటినుంచీ పనిచేయదు. ఒక చెవి పోతే సగం వినపడాలి గానీ, అంతా వినపడుతూనే ఇల్లంతా వెతుక్కోవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఊరు. పాయకి అవతల లంక. ఆ లంకలో ఉన్న చిన్న బడికి మా అత్త టీచరు, నేను అదే బళ్ళో మూడో తరగతి. సముద్రం పోటు మీద ఉంటే పాయ నిండిపోయేది, అప్పుడు పడవ ఎక్కేవాళ్ళం. నీళ్ళు తీసినప్పుడు మధ్యలో ఇసుక తిన్నె బయటపడేది, దాని మీదుగా మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచిపోయేవాళ్ళం. ఇప్పుడక్కడ వంతెన వేశారు. మొన్న దాని మీద కారులో వెళ్తూ కిందికి చూడకుండానే దాటాను.

అది మాఘమాసం. తెల్లారేసరికి ఊరంతా మంచు. ఆ రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మా అత్త ఒకటే హడావిడి. "మంచు విడవనీవే, కొంపలేం మునిగిపోవు" అంటూ మా నాయనమ్మ రేవుదాకా వెంటపడింది. "ఈలోగా పోటు తగులుతుందమ్మా, రోజూ నడిచే దారేగా" అని మా అత్త నా చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది. మా అత్త మొండిది. ఆవిణ్ణి కన్నది కాబట్టి మా నాయనమ్మ ఇంకా మొండిది, ఇంటికి పోకుండా తిట్టుకుంటూ రేవు మెట్ల మీదే కూర్చుంది. ఆ మొండితనమే మమ్మల్ని బతికించింది.

తిన్నె ఎక్కేదాకా బాగానే ఉంది. ఎక్కాక మంచు ఒక్కసారిగా కమ్మేసింది. నా చెయ్యి పట్టుకున్న మనిషి మొహమే నాకు కనపడలేదు. తిన్నగా పోతున్నామనే అనుకున్నాం. ఎంత నడిచినా అవతలి నీళ్ళు రావు. కాసేపటికి ఇసుకలో అడుగులు కనపడ్డాయి, ఒక పెద్ద జత, పక్కనే ఒక చిన్న జత. ఎవరో మనకంటే ముందు వెళ్ళారత్తా అన్నాను సంబరంగా. ఆవిడ వంగి చూసి, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. అవి మా అడుగులే. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం. పైగా ఆ అడుగుల్లో అప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి.

పోటు మొదలైంది. ఇంకాసేపట్లో తిన్నె ఉండదు. తిన్నె వెంట ఒక చివర మా రేవు, రెండో చివర సముద్రం. రేవువైపు నడిస్తే బతుకుతాం, సముద్రంవైపు నడిస్తే పోతాం. ఏ వైపు ఏదో తెలియదు. నీళ్ళు ఒక్క దిక్కునుంచి వస్తే ఏదో ఒకటి పోల్చుకునేవాళ్ళం, అవీ చుట్టూతా ఒకేసారి ఎక్కుతున్నాయి.

మా అత్త గట్టిగా కేక వేసింది. రేవులో ఉన్న నాయనమ్మకి అది వినపడింది, ఆవిడ అరిచిన అరుపుకి ఊరు కదిలింది. మా వైపు సాయం చెయ్యడమంటే ముందు గొంతు చించుకోవడమే కదా! ఒడ్డు పొడుగునా జనం తలో చోటా నిలబడి "ఇటండీ టీచరుగారూ, ఇటు రండి!" అని మొదలుపెట్టారు. లంకవాళ్ళు విని వాళ్ళ గట్టునుంచి వాళ్ళూ అందుకున్నారు. ఎవరో పుణ్యాత్ముడు గుడి మైకు కూడా వేశాడు. పడవ తీద్దామన్నా ఆ మంచులో ఎటని తీస్తారు, పాపం. అందరూ మమ్మల్ని బతికించాలనే అరిచారు. కానీ నేను ఏ వైపు తిరిగినా "ఇటు, ఇటు" అనే వినపడింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

మా అత్త నా ముందు కూర్చుని నా నోటి మీద చెయ్యి పెట్టింది. "ఏడవకే తల్లీ. నువ్వేడిస్తే నీ చెవులకి నీ ఏడుపే వినపడుతుంది. ఈ గోలంతా నాకూ వినపడుతోంది గానీ ఎటునుంచో తెలీదు. ఒంటి చెవికి దిక్కు తెలీదే. నీకు రెండున్నాయి. ఇవాళ నువ్వే చెప్పాలి." బెత్తం పట్టుకుంటే బడంతా గజగజలాడే మనిషి నా మొహంలోకి అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. నాకు నీళ్ళకంటే ఆ చూపుకే ఎక్కువ భయం వేసింది.

తర్వాత ఆవిడ లేచి నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. "అమ్మా! అందర్నీ నోరు ముయ్యమను! నువ్వు బండ మీద బట్ట ఉతుకు!"

ఆ మాట విని ఒడ్డున కొందరు టీచరుగారికి మతి పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. మా నాయనమ్మకి మాత్రం వెంటనే తట్టింది. ఒంటిచెవి పిల్లను పెంచిన తల్లి ఆవిడ, కూతురి చెవి చూసిన రాజమండ్రి డాక్టరు చెప్పినవన్నీ పక్కనుండి విన్నది. "నోళ్ళు ముయ్యండర్రా!" అని అందర్నీ కసిరి, ఎవరి భుజం మీదిదో తువ్వాలు లాక్కుని, నీళ్ళలో ముంచి, రేవులో బట్టలుతికే బండ మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒడ్డు మెల్లగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం చూసి లంకవైపూ ఆపేశారు. మైకు ఆఖరున ఆగింది. అప్పటికి నీళ్ళు నా మోకాళ్ళు దాటాయి.

థప్.

"కేక సాగుతుంది, దానికి మొదలు దొరకదు. దెబ్బకి మొదలుంటుంది, దాన్ని పట్టుకో" అంది మా అత్త. కళ్ళు మూసుకోమంది. ఆ చప్పుడు రెండు చెవులకీ సమానంగా వచ్చేదాకా మెల్లగా తిరగమంది. తిరిగాను. ఎడమచెవిలో ఉన్నది జరుగుతూ జరుగుతూ వచ్చి నడినెత్తిన కూర్చున్నట్టయింది. ఇదేనత్తా, ఎదురుగానే, అని అడుగు వెయ్యబోయాను. ఆవిడ నా జడ పట్టుకుని ఆపేసింది. "ఎదురుగా ఉన్నా సమానమే, వెనక ఉన్నా సమానమే. తల కొంచెం కుడికి తిప్పు. ఇప్పుడు ఏ చెవిలో గట్టిగా ఉంది?"

కుడిచెవిలో అన్నాను.

ఎదురుగా ఉంటే ఎడమచెవిలోకి రావాలట. అంటే రేవు మా వెనక ఉంది. నేను కాలు ఎత్తింది సముద్రంవైపు!

మా అత్త నన్ను భుజాల మీదికి ఎక్కించుకుంది. "బళ్ళో మీ చెవులు నేను మెలిపెడతాగా, ఇవాళ నీ వంతు. ఎటు పోవాలో ఆ చెవి లాగు" అంది. అంతటి గండంలోనూ ఆవిడకి వేళాకోళమే. నేను ఆవిడ చెవులు రెండూ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. థప్ అని చప్పుడవుతుంది, కాస్త ఎడమకి లాగుతాను, ఆవిడ అటు జరుగుతుంది. మళ్ళీ థప్. మధ్యలో ఎప్పుడైనా ఆ చప్పుడు రావడం ఆలస్యమైతే నా ప్రాణం ఆగిపోయేది. ఎనభై దగ్గరపడ్డ మా నాయనమ్మ రెక్కలు ఎంతసేపు ఆడతాయి?

పాయ లోతులోకి దిగాక నీళ్ళు ఆవిడ నడుము దాటాయి, ఛాతీ దాటాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగింది. కింద ఇసుక జారుతోందేమో, ఒళ్ళంతా ఊగుతోంది. నా కాళ్ళు పట్టుకున్న చేతులు బిగుసుకుపోయాయి. "ఇంకా అటేనా?" అని అడిగింది. నేను తల కుడికి తిప్పి మరోసారి విన్నాను, ఎడమచెవిలోనే గట్టిగా ఉంది. అటేనత్తా అన్నాను. ఆవిడ అడుగు వేసింది. నీళ్ళు గడ్డానికి తగిలాయి, నోటికి తగిలాయి. ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత నేల మెల్లగా పైకి లేచింది.

మంచులోంచి ముందు బండ కనపడింది, తర్వాత మా నాయనమ్మ కనపడింది. మేము పక్కకి వచ్చి నిలబడ్డా ఆవిడ చెయ్యి ఇంకా బండ మీద కొడుతూనే ఉంది. ఎవరో పట్టుకుని ఆపారు. ఆపగానే, "తల్లి మాటంటే లెక్కలేని దానివి, పోయేదానివి ఒక్కదానివీ పోలేకపోయావా, పసిదాన్ని కూడా తీసుకుపోతావే?" అని మా అత్తని నానా తిట్లూ తిట్టి, అలాగే ఆవిడ తడిచీర పట్టుకుని కూలబడి ఏడ్చింది.

సాయంత్రం ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ మా అత్త నాకు అసలు సంగతి చెప్పింది. చప్పుడు దగ్గరున్న చెవికి ముందు చేరుతుందట, రెండోదానికి పిసరంత ఆలస్యంగా. ఆ తేడా రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు. చెవులు కబురు అందిస్తాయంతే, ఆ రెండు కబుర్లూ పక్కపక్కన పెట్టుకుని ఎటునుంచో తేల్చేది మెదడు. "నా మెదడుకి ఒక్క కబురే వస్తుంది, పాపం అది దేంతో పోల్చుకుంటుంది?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పొద్దుటినుంచీ నన్ను తినేస్తున్న మాట అడిగేశాను. అత్తా, నేను తప్పు చెప్పి ఉంటే?

"తప్పో ఒప్పో తేల్చుకునే చెవే నాకుంటే నిన్నెందుకు అడుగుతానే?" అంది మా అత్త, జుట్టు విదిలించుకుంటూ.

నాకు అప్పటికి ఎనిమిదేళ్ళు. నీళ్ళు మెడకి వచ్చాక కూడా ఆవిడ నన్ను ఒక్కసారే అడిగింది. నేను అటే అన్నాక రెండోసారి అడగలేదు. ఈ వయసులో నాకు పిల్లలు ఏదో చెప్పబోతే "నీకేం తెలుసులే, ఊరుకో" అనే మాట నాలిక చివరిదాకా వస్తుంది, చాలాసార్లు వచ్చింది. అప్పుడు నా కాళ్ళ చుట్టూ బిగుసుకున్న ఆ రెండు చేతులూ తెలుస్తాయి. నోరు మూసుకుని వింటాను.