ఓడ ఎక్కని మా సోషల్ టీచర్

మా సోషల్ టీచర్ పోయారు. మస్కట్‌కు దూరంగా బురైమిలో, ఆవిడ అద్దెకుంటున్న గదిలో, పొద్దున స్కూలుకు తయారవుతుండగా గుండె ఆగిపోయింది. వ్యాను వచ్చి హారన్ కొట్టినా దిగి రాకపోయేసరికి, పక్క గదిలో ఉండే లెక్కల టీచరు వాచ్‌మన్‌ని పిలిచి తలుపు తీయించింది. అప్పటికే అంతా అయిపోయిందట.

కబురు వచ్చినప్పుడు నేను మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో, మా బ్యాంకు కౌంటర్ వెనక ఉన్నాను. ముందు ఏడుపు రావాలి కదా. నాకు కోపం వచ్చింది. ఇన్ని వారాలైనా అదే ఉంది. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు అలా రావడం లేదు, మన్నించండి.

ఆవిడది కడప జిల్లా. భర్త మస్కట్ శివార్లలోని రుసైల్‌లో ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పిల్లలు లేరు. మస్కట్‌లో నేను చదివిన స్కూల్లో ఏళ్ల తరబడి చరిత్ర, భూగోళం చెప్పారు. ఆ స్కూలు పేరు ఇక్కడ రాయను. చదివేవాళ్లలో కొందరికి ఎలాగూ తెలుసు.

ఏ ఊరి పాఠమైనా ఆవిడ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవారు. "ఈ ఊరోళ్లు నీళ్లు యాడ్నించి తెచ్చుకుంటారు?" రోమైనా అంతే, హరప్పా అయినా అంతే. పుస్తకంలో రాజులుంటారు, యుద్ధాలుంటాయి. ఆవిడకు ముందు నీళ్లు కావాలి. "బిందె నీళ్ల కోసం జుట్లు పట్టుకున్నోళ్లను చూసినా పాపా మా ఊళ్లో. రాజు సంగతి తర్వాత" అనేవారు. ఒకసారి మమ్మల్ని నిజ్వా వైపు తీసుకెళ్లి, కొండల్లోంచి తోటలకు నీళ్లు పారే పాత కాలువ గట్టున కూర్చోబెట్టి, అందరి కాళ్లూ నీళ్లలో పెట్టించి పాఠం చెప్పారు. ఆ పాఠం ఇంకా గుర్తుంది. చల్లగా గుర్తుంది.

కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగిపోయేవారు. క్లాసులో మలయాళీలు, తమిళులు, గుజరాతీలు అందరూ ఉండేవారు. మాట అర్థం కాకపోయినా భయం అందరికీ సరిగ్గానే అర్థమయ్యేది. "ఇంగ్లీషులో తిట్టొచ్చు కదా టీచర్" అని ఎవరో అడిగితే, "ఇంగ్లీషులో కోప్పడితే అది కంప్లయింట్ అయితాది, కోపం కాదు" అన్నారు. నేను ఇది తెలుగులో రాయడానికి కారణం అదే.

నేను పదకొండో తరగతి పరీక్షలు రాసిన ఆ వసంతంలో స్కూలు వాళ్లు గ్రీసు యాత్ర పెట్టారు. మొదట మేం ఎగిరి గంతేశాం, తర్వాత మాకంటే ఎక్కువగా టీచర్ గంతేశారు. ఏథెన్స్ కొండ మీది గుడిని ఇన్నేళ్లుగా బొమ్మల్లో చూపిస్తున్నారు. ఎప్పుడూ కళ్లతో చూడలేదు. సాయంత్రాలు మమ్మల్ని ఆపి పాఠాలు చెప్పారు. ఇంట్లో భర్తను కూడా కూర్చోబెట్టి చెప్పారట. ఆయన తర్వాత నవ్వుతూ అన్నారు, "ఆ గుడి స్తంభాల పేర్లు నాకు కూడా నోటికొచ్చేసినాయి పాపా."

యాత్రకు పెద్ద అప్పటి వైస్ ప్రిన్సిపల్. టీచర్ ఆయన కింద. ఏథెన్స్ చేరిన మర్నాడు ఓడలో ఒక దీవికి వెళ్లి రెండు రోజులు ఉండి, తిరిగి వచ్చాక ఆ కొండ ఎక్కాలని ఏర్పాటు.

ఆ మర్నాడు పొద్దున నాకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. బస్సు రేవుకు చేరేసరికి అది కుడిపక్కకు దిగింది. నేను నిటారుగా నిలబడలేకపోయాను. రేవు గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాను. ఎదురుగా తెల్లటి ఓడ, మా వాళ్లంతా ఫొటోలు దిగుతున్నారు.

వైస్ ప్రిన్సిపల్ వచ్చి చూశారు. అక్కడి మాటలు ఇంగ్లీషులో జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

"నిన్న రాత్రి ఆ చీజ్ తింది కదా, గ్యాస్ పట్టి ఉంటుంది. మాత్ర వేసి ఓడలో పడుకోబెట్టండి."

"ఒళ్లు కాలిపోతోంది సార్. ఆస్పత్రికి తీసుకుపోవాలి."

"దీవిలో కూడా డాక్టరు ఉంటాడు మేడమ్. ఒక్కరి కోసం యాత్ర మొత్తం ఆపమంటారా?"

"ఆపమని నేను అన్లేదు. మీరు పోండి. నేను పాపతో ఉంటా."

"నా పర్మిషన్ లేకుండా మీరు గ్రూపును వదలడానికి లేదు."

"దానికి ఎంత నొప్పో చూస్తున్నారు కదా!"

"పిల్లలు కొంచెం ఎక్కువ చేస్తారు. మనం పెద్దవాళ్లం కదా."

అప్పుడు ఆవిడ తెలుగులోకి దిగారు. "నొప్పి పడేదానికి తెలుస్తాది, చూసేవాళ్లకేం తెలుస్తాది? నీ పర్మిషన్ నీకాడే పెట్టుకో." ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి చాపి ఆయన భుజాన ఉన్న సంచిలోంచి మా ఇద్దరి పాస్‌పోర్టులు తీసుకున్నారు. నన్ను తన ఒంటికి ఆనించుకుని టాక్సీ దగ్గరికి నడిపించారు. వెనక ఓడ కూత వినపడింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

అపెండిక్స్. అప్పటికే పగలడం మొదలైందని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు. సముద్రం మీద ఉండగా ఇలా అయి ఉంటే పిల్ల దక్కేది కాదని ఫోనులో మా నాన్నకు కూడా చెప్పాడు. మా నాన్న అక్కడికి రాలేకపోయారు. యూరప్ వీసా అడిగిన వెంటనే చేతిలో పెట్టరు. అమ్మ ఫోనులో ఏడుస్తుంటే టీచర్ అన్నారు, "మీ బిడ్డ నా కాడ ఉండాది. అన్నం తిని పండుకో పో."

ఆస్పత్రిలో నర్సులకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆవిడ చేతులతో, ముఖంతో, అవసరమైతే కడప తెలుగుతో మాట్లాడేవారు. నా జుట్టు దువ్వి జడ వేసేవారు. గంజిలాంటి సూప్ ఇస్తే, "ఇందులో ఇంత ఊరిమిండి కలిపి తింటే ప్రాణం లేచొస్తాది" అని ఆ ఊళ్లో దొరకని ఆ రోటి పచ్చడి కోసం బెంగపడ్డారు. నవ్వితే కుట్లు లాగుతాయని నేను నోరు మూసుకునేదాన్ని.

కాస్త తేరుకున్నాక నేనే బతిమాలాను. "టీచర్, ఆ కొండ ఇక్కడికి దగ్గరేనట. ఒక్క పూట వెళ్లి చూసి రండి. నేను ఉంటాను."

"భాష రాని చోట నిన్నొక్కదాన్నే వదిలి రాళ్లు చూసేదానికి పోవాల్నా? అవి రెండు వేల ఏండ్లకు పైగా నిలబడుండాయి. ఇంకొన్నాళ్లు నిలబడతాయిలే."

మమ్మల్ని ఆస్పత్రి నుంచి పంపించిన రోజు టాక్సీ ఒక మలుపు తిరిగింది. రెండు భవనాల సందులో, పైన ఎండలో, ఆ గుడి కనిపించింది. "టీచర్, అదిగో!" అన్నాను. ఆవిడ నా పొట్ట మీద దిండు అదిమి పట్టుకుని, రోడ్డు కుదుపులు చూసుకుంటున్నారు. తల ఎత్తేలోపు గోడలు అడ్డం వచ్చేశాయి. "ఉన్నిలే" అన్నారు, పోనీలే అన్నట్టు.

మిగతావాళ్లు మా కంటే ముందే మస్కట్ చేరారు. అప్పుడు జరిగింది నాకు స్నేహితులు చెప్పారు. అసెంబ్లీలో వైస్ ప్రిన్సిపల్‌ని వేదిక మీదికి పిలిచి, ఒక విద్యార్థిని ప్రాణం కాపాడిన సమయస్ఫూర్తికి చప్పట్లు కొట్టించారట. పూలగుచ్ఛం ఇచ్చారట. ఆయన తీసుకున్నాడు! రేవులో నాకు గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టమన్న ఆ మనిషే తీసుకున్నాడు.

టీచర్ వచ్చిన వారానికే మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా బృందాన్ని వదిలేశారని, అధికారితో అమర్యాదగా మాట్లాడారని. కొత్త సంవత్సరానికి కాంట్రాక్టు ఇవ్వలేదు. స్టాఫ్ రూములో ఒక్కరూ నోరెత్తలేదు. మా నాన్న నిజం చెబుతానని స్కూలుకు వెళ్లి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చారు. వాళ్లు ఆయనను కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీ అమ్మాయి వచ్చే ఏడాది బోర్డు పరీక్ష రాయాలి కదా అన్నారట. అంతే.

నేను అరిచాను. అమ్మ నా నోరు మూసింది. "పన్నెండో తరగతి వాళ్ల చేతులల్లనే ఉన్నది బిడ్డా. ప్రాక్టికల్ మార్కులు ఏం జేస్తరో ఏమో. టీచరమ్మకు ఇంకో కాడ నౌకరి దొర్కుతది తియ్యి." మాది నిజామాబాద్. అమ్మ చెడ్డది కాదు. నా బతుకు కోసం భయపడింది. కానీ నా బతుకును నిలబెట్టిన మనిషిని పోగొట్టుకుంటూ పడిన భయం అది. అందుకే ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

నౌకరి దొరకలేదు. మస్కట్‌లో ఏ స్కూలుకు వెళ్లినా పాత స్కూలుకు ఫోను చేసేవారు. ఫోనులో ఏం చెప్పేవారో మనకు తెలియదు, ఊహించుకోవచ్చు. చివరికి బురైమిలో ఒక చిన్న స్కూలు తీసుకుంది. మస్కట్ నుంచి నాలుగు గంటల బస్సు దారి. వారమంతా అక్కడ ఒక గది, సెలవు రోజుల్లో రుసైల్ దగ్గర భర్త ఇల్లు. ఇలాగే ఏళ్లు గడిచాయి.

బ్యాంకులో ఉద్యోగం వచ్చాక నేను బురైమి వెళ్లి కలిశాను. గది శుభ్రంగా ఉంది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేదు. దోసెలు పోసి, ఊరిమిండి వేసి పెట్టారు. నేను ఆ స్కూలు మాట ఎత్తి, "పోనీలెండి టీచర్, మీరు మర్చిపోయి ఉంటారు" అన్నాను, ఏదో ఊరడింపుగా.

ఆవిడ గరిటె కింద పెట్టారు. "యాల మర్చిపోతా? నేనేం క్షమించలా. ఆ యమ్మ అన్నీ మర్చిపోయింది, పెద్ద మనసు అని ఎవురన్నా అంటే నమ్మొద్దు. నిన్ను తీసుకుపోయినందుకు నాకు సంతోషం. వాళ్లు చేసినందుకు కోపం. రెండూ ఉంటాయి. ఒకటుంటే ఇంకొకటి పోవాలని యాడ ఉంది? తిను, చల్లారిపోతాది."

టీచర్‌ను వాళ్లు చంపారని నేను అనను. గుండె ఎవరిదైనా ఎక్కడైనా ఆగుతుంది. కానీ ఆ పొద్దున ఆవిడ పక్కన మనిషి లేకపోవడానికి, గుండె పట్టుకుని పిలిస్తే వినే భర్త నాలుగు గంటల దూరంలో ఉండటానికి కారణం వాళ్లే. ఆ మాట మాత్రం అంటాను. ఎన్నిసార్లయినా అంటాను.

భర్త ఆవిడను సొంతూరికి తీసుకెళ్లి, అన్నీ ముగించి తిరిగొచ్చారు. అప్పుడు పాత విద్యార్థులు పట్టుబడితే స్కూలు వాళ్లు సంతాప సభ పెట్టారు. నాటి వైస్ ప్రిన్సిపలే ఇప్పుడు ప్రిన్సిపల్. గ్రీసు యాత్ర గురించి రెండు తీపి జ్ఞాపకాలు చెప్పమని ఆఫీసు నుంచి నాకు ఫోను వచ్చింది.

వేదిక మీద దండ వేసిన పెద్ద ఫ్లెక్సీలో టీచర్ నవ్వుతున్నారు. ప్రిన్సిపల్ మాట్లాడారు. అంకితభావం అన్నారు, కుటుంబం అన్నారు. గ్రీసులో ఒక విద్యార్థినికి ఆపద వస్తే స్కూలు యావత్తూ అండగా నిలిచిందని, అందులో టీచర్ కూడా తన వంతు పాత్ర పోషించారని అన్నారు.

తన వంతు!

నేను మైకు దగ్గరికి వెళ్లి రేవులో జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చీజ్, గ్యాస్ మాత్ర, పాస్‌పోర్టులు, మెమో, అన్నీ. ఆఫీసు మనిషి ఒకాయన వచ్చి మైకు మీద చెయ్యి పెట్టి, "టైమ్ అయిపోయిందమ్మా" అన్నాడు.

ముందు వరసలోంచి టీచర్ భర్త లేచారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "చెప్పనీండి సార్. నేనొచ్చింది ఆ పాప చెప్పేది వినేదానికే."

వెనక నుంచి ఇంకో గొంతు లేచింది. మా నాన్న. "ఆ బిడ్డ నా బిడ్డ. చెప్పిందంతా నిజం. అప్పుడు నేను చెప్పాలె, చెప్పలే."

ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఎవరూ రాజీనామా చెయ్యలేదు. నేను చెప్పడం ముగించి దిగిపోయాను. బయట వరండాలో ప్రిన్సిపల్ నన్ను ఆపి ఇంగ్లీషులో మెల్లగా అన్నారు, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? చక్కగా జరుగుతున్న సభ పాడైపోయింది."

"చక్కగా జరగడానికి అది పెళ్లా సార్?" అన్నాను. ఆయన ఫోను చూసుకుంటూ వెళ్లిపోయారు.

చెప్పులు వేసుకుంటుంటే హాల్లో చప్పుడైంది. మెట్ల నిచ్చెన వేసుకుని ఇద్దరు పనివాళ్లు టీచర్ ఫ్లెక్సీని విప్పుతున్నారు. కింద ఇంకో ఫ్లెక్సీ చుట్ట సిద్ధంగా ఉంది. సాయంత్రం తల్లిదండ్రుల సమావేశమట. సగం విప్పి ఉన్న దాని మీద నీలం సముద్రం, తెల్లటి ఓడ. ఈ వసంతానికి ఇటలీ యాత్ర.

నేను లోపలికి వెళ్లి నిలబడ్డాను. నిచ్చెన మీద ఉన్నతను మన తెలుగతనే. "ఈ పాతది ఏడ పెట్టాలె మేడమ్? చెత్తల వెయ్యమన్నరు" అన్నాడు.

"నాకివ్వన్నా" అన్నాను.

అతను ఫొటో వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. దండ తీసి పక్కన పెట్టి, దుమ్ము దులిపి, మొహం మడత పడకుండా చుట్టి నా చేతుల్లో పెట్టాడు.

చుట్ట నా కారు వెనక సీట్లో పట్టలేదు. ఇంటి దగ్గర దింపుతానని ఎక్కించుకున్న టీచర్ భర్త ముందు సీట్లో కూర్చుని దాన్ని ఒళ్లో పట్టుకున్నారు. ఒక కొస కిటికీలోంచి బయటికి వచ్చింది. హైవే ఎక్కాక గాలికి దాని అంచు ఒకటి ఊడింది. రుసైల్ దాకా దారి పొడుగునా అది కారు తలుపును పటపటా కొడుతూనే ఉంది. ఆయన లోపలికి లాక్కోలేదు. నేను వేగం తగ్గించలేదు.