ఆతే వాళ్లూరికి పంపిన పెట్టె

నేను సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నర్సుగా చేరిన రెండో ఏడు మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక అక్క, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పెద్ద నర్సు. వాళ్ల భాషలో అక్కను ఆతే అంటారు కాబట్టి ఆవిణ్ని అలాగే పిలిచేవాళ్లం.

ఆ ఏడు ఆతే వాళ్ల ద్వీపాన్ని తుఫాను ఊడ్చేసింది. నాలుగు రోజులు ఫోను కలవలేదు. ఐదో రోజు, ఫోన్ కార్డు అయిపోయేలోగా వాళ్లమ్మ చెప్పగలిగింది ఇంతే: అందరం బతికే ఉన్నాం, ఇంటికి కప్పు లేదు, తినడానికి ఏమీ లేదు.

ఆతే ఏడవలేదు. కార్గో ఆఫీసు నుంచి నడుమెత్తు అట్టపెట్టె తెచ్చి గది మధ్యలో పెట్టింది. దానికి బరువుతో పని లేదట, ఎంత కూరితే అంత. ఓడలో వెళ్తుంది, రెండు నెలలు పడుతుంది. ఆకలి రెండు నెలలు ఆగుతుందా అని అడగబోయాను గానీ, అక్క మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాను.

తుఫాను సాయం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా ఊరు నీళ్లలో ఉంటే హెలికాప్టర్లోంచి బ్రెడ్డు పొట్లాలు విసిరారు. మా నాయనమ్మ ఒకటి విప్పి చూసి, "ఎవరికే జ్వరం?" అంది. మా వైపు జ్వరం వస్తేనే బ్రెడ్డు తినేవాళ్లు. ఎవరికీ లేదన్నా నమ్మక, పిల్లలందరి నుదుళ్లూ తడిమి చూశాకే తిననిచ్చింది.

హాస్టల్లో అందరూ తలో చెయ్యి వేశారు. నిజం చెప్పాలంటే ఎవరికి అక్కర్లేనిది వాళ్లు తెచ్చారు. ఒకరు ఓట్స్, ఒకరు అల్మారాలో ఏడాదిగా ఉన్న ఖర్జూరం, నేను ఎవరో పేషెంటు ఇచ్చిపోయిన చక్కెర లేని బిస్కెట్లు. అక్క ఒక్కతే తనకిష్టమైనది ఇచ్చింది, వాళ్లమ్మ పంపిన ఆవకాయ సీసా. ఎలా తినాలని ఆతే అనుమానంగా అడిగితే, అన్నంలో కలుపుకోమని ఇంగ్లీషులో రాసి సీసాకి అంటించింది.

గురువారం హాస్పిటల్ బస్సులో బజారుకెళ్లినప్పుడు ఆతే నలభై ఎనిమిది సార్డిన్ చేపల డబ్బాలు కొంది. వాటిని పెట్టెలో సర్దుతూ ఒక డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాను. తయారైన ఊరు, మేం వారం రోజులుగా ఆతే నోట వింటున్న ఊరే.

ఆవిడకు తెలుసట. తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే, డబ్బాలకు మూతలు బిగించే మిషన్ దగ్గర పనిచేస్తాడట. అక్కడ చేసినవన్నీ బయటి దేశాలకే పోతాయి, ఊళ్లో కొట్లో దొరకవు. ఇప్పుడు ఫ్యాక్టరీకీ కప్పు లేదు, వాడికీ పని లేదు.

"వాడు బిగించిన మూత వాడే తీసి తింటాడు" అంది ఆతే, ఇందులో వింతేముందన్నట్టు.

అక్క పెట్టె మీద కూర్చుంటే మేం టేపు వేశాం. కార్గో ఆఫీసులో పాకిస్తానీ గుమస్తా సామాన్ల జాబితా చదివి, చేపలు ఎక్కడివని అడిగాడు. చెప్పాను. అక్కడివి అక్కడికే ఎందుకు పంపుతున్నారని ఉర్దూలో అడిగాడు. అక్కడ తుఫాను వచ్చిందన్నాను. ఆయన అర్థమైనట్టు తలూపి రసీదు రాశాడు. నా జవాబు నాకే అర్థం కాలేదు.

పెట్టె చేరేసరికి మూడు నెలలు దాటింది. ఈలోగా అక్కడ సర్కారు వాళ్లూ, చర్చి వాళ్లూ, ఓట్లు కావలసినవాళ్లూ వరసగా వచ్చి బియ్యం, సార్డిన్ డబ్బాలు పంచారట. ఆతే వాళ్లమ్మ ఫోన్లో దేవుడికీ మాకూ వందనాలు చెప్పి, ఇంకెప్పుడూ చేపలు పంపొద్దని నెమ్మదిగా అడిగింది. బిస్కెట్లు పక్కింటి ముసలాయనకు నచ్చాయట. ఆవకాయ అయితే ఊరందరికీ నచ్చిందట. పచ్చిమామిడి అంటే వాళ్లకు ప్రాణం. ముక్కల్ని బకెట్ నీళ్లలో శుభ్రంగా కడిగి, ఉప్పు అద్దుకుని తిన్నారు.

ఆతే ఇదంతా సంతోషంగా చెప్తుంటే అక్క మొహం పాలిపోయింది. "కడిగేశారంటా?" అని నన్ను తెలుగులో అడిగింది. అవునన్నాను. ఆ పూట అక్క అన్నం సరిగ్గా తినలేదు.

కొన్నాళ్లకు ఆతే సెలవు మీద ఇంటికెళ్లి నెలన్నర ఉండి వచ్చింది. ఇంటికి కొత్త రేకులు వేశారనీ, తమ్ముడు మళ్లీ పనిలో చేరాడనీ చెప్పింది. తర్వాత సిగ్గుపడుతూ సూట్‌కేసు తెరిచింది. బట్టల కింద ఇరవై సార్డిన్ డబ్బాలు. వద్దన్నా వాళ్లమ్మ వినలేదట. సౌదీ అంటే అంతా ఇసుకే, పాపం అంత మంచి పిల్లలకు చేపలెక్కడ దొరుకుతాయని ఆవిడ బెంగ.

ఇచ్చింది కాదనకూడదని అక్క ఆ సాయంత్రమే చింతపండు నానబెట్టి, నాలుగు డబ్బాలు విప్పి పులుసు పెట్టింది. బాగా కుదిరింది. ఇద్దరం రెండేసి సార్లు వడ్డించుకున్నాం. ఆతేకి కూడా కంచం పెట్టబోతే, నెలన్నరగా పూటపూటా అవే తిన్నానని దణ్ణం పెట్టి, తనకో కోడిగుడ్డు ఉడకబెట్టుకుంది.