రెండో మేజర్ మాన్పించే మా బావ

మా బావకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకే జబ్బు. డబుల్ మేజర్ చేస్తానన్న మనిషి, అంటే డిగ్రీలో రెండు ప్రధాన సబ్జెక్టులు ఒకేసారి చదువుతానన్నవాడు కంటబడితే చాలు, ఆ మనిషి చేత రెండో మేజర్ మాన్పించేదాకా ఆయనకి ముద్ద దిగదు.

ఒక చావింట్లో జరిగింది చెబితే జబ్బు ఎంత ముదిరిందో మీకే తెలుస్తుంది. మా పత్రికలో ప్రూఫులు దిద్దే పెద్దాయన పోతే నేనూ బావా పరామర్శకి వెళ్లాం. బావ వరండాలో చేతులు కట్టుకుని పది నిమిషాలు మర్యాదగానే కూర్చున్నాడు. పక్క కుర్చీలో పోయినాయన మనవడు తల వంచుకుని ఉన్నాడు.

"ఏం చదువుతున్నావు బాబూ?"

"ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ అండీ. డబుల్ మేజర్."

అంతవరకూ పొడిగా ఉన్న మా బావ కళ్లు చెమ్మగిల్లాయి. కుర్రాడి చెయ్యి పట్టుకుని, "అయ్యో, ఎంత పని జరిగింది!" అన్నాడు. లోపలున్న ఆడవాళ్లు అది విని, పోయినాయన మీద ఈయనకి ఇంత ప్రేమా అని మళ్లీ ఏడుపు అందుకున్నారు. శవాన్ని తీసుకెళ్లే బండి వచ్చేలోగా మనవడి రెండో మేజర్ కూడా పోయింది.

బావ ఆయుధం ఒక కాగితం. చొక్కా జేబులో ఎప్పుడూ ఓ పాతిక ఉంటాయి. రోజుకి ఇరవై నాలుగు గళ్లు, ఏడు రోజులకి నూట అరవై ఎనిమిది. "నీ వారం నింపు" అని చేతికిస్తాడు. పిల్లలు హుషారుగా నింపుతారు. క్లాసులు, ల్యాబులు, బస్సు, తిండి, నిద్ర. అంతా అయ్యాక బావ కళ్లజోడు సర్దుకుని ఒక్కటే అడుగుతాడు.

"జ్వరం ఎప్పుడొస్తుంది?"

"నాకు జ్వరం రాదండీ."

"రాదు, సరే. వస్తే ఏ గడిలో?"

"ఆదివారం వస్తుంది లెండి."

"ఆదివారం బట్టలుతుకుతానని రాశావు. జ్వరంతో బట్టలుతుకుతావా, బట్టలతో పాటు జ్వరాన్నీ ఉతుకుతావా?"

మా వీధి సెలూన్ అతను ఒకసారి నన్ను ఆపి మొరపెట్టుకున్నాడు. "సార్, మీ బావగారు ఒక చెంప గీయించుకుని, సబ్బు నురగతోనే లేచి పక్క కుర్చీ పిల్లాడికి కాగితం ఇచ్చారు. ఆయన దెబ్బకి కాలేజీ పిల్లలు నా షాపుకి రావడం మానేసి గడ్డాలు పెంచుకుంటున్నారు."

ఇదంతా విని, ఈయన ఏ ఫిజిక్సు లెక్చరరో, పిల్లలు వేరే సబ్జెక్టుల వైపు పోతారని బెంగేమో అనుకుంటారు. కాదు. మా బావ ఫిలాసఫీ లెక్చరర్. ఆయన పనిచేసే కాలేజీలో ఫిలాసఫీ శాఖ అంటే మూడో అంతస్తులో ఒక గది, తలుపు సరిగ్గా పడని బీరువా, మా బావ. ఫిలాసఫీ ఒక్కటే చదువుకోమని పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఇంకా పుట్టలేదు. ఆ శాఖ రిజిస్టర్లోకి వచ్చే ప్రతి పేరూ రెండో మేజర్ కింద రావలసిందే. అంటే మా బావ అన్నం తినేది డబుల్ మేజర్ల వల్ల.

"చెప్పుల షాపువాడు గుమ్మంలో నిలబడి, పాదాలకి చెప్పులెందుకమ్మా, హాయిగా నడిచి వెళ్లండి అంటాడట్రా? మీ బావ అంటాడు" అనేది మా అక్క.

అక్క నవ్వుతూ అనే రోజులు పోయాయి. వరసగా రెండేళ్లు ఆరు పేర్లు కూడా రాని శాఖను మూసేస్తామని కాలేజీవాళ్లు కాగితం పంపారు. కిందటేడు నాలుగు పేర్లు. ఈ ఏడూ నాలుగే. గడువు నెలాఖరు. బావకి యాభై నాలుగేళ్లు. శాఖ పోతే ఇచ్చిన పని ఏదైనా చెయ్యాలి, లేదా ఇంటికి పోవాలి.

అక్క ప్రచారానికి దిగింది. పక్కింటి పిల్లని పంపింది. పేపరు వేసే అతని తమ్ముణ్ణి పంపింది. తన కుట్టుమిషను బాగుచేసే మెకానిక్ కొడుకుని, వాడికి ఫిలాసఫీ అనే మాట పలకడం నేర్పించి మరీ పంపింది. అందర్నీ బావ కాగితం చేతికిచ్చి, జ్వరం సంగతి అడిగి, సాగనంపాడు.

"ఇంక నీ కూతురే దిక్కురా" అంది అక్క.

మా అమ్మాయి అదే కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. అడగ్గానే ఒప్పుకుంది. నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. మేనకోడలు కదా, మొహమాటానికైనా చేర్చుకుంటాడని ధైర్యం.

"రా కోడలా, నింపు" అన్నాడు బావ, మొహమాటమనే వస్తువు ఎన్నడూ చూడనట్టు.

అది అరగంట నింపింది. పరీక్ష బాగా రాసిన పిల్లలాగా కాగితం తిప్పి పెట్టింది. "రెండు గంటలు మిగిల్చాను మావయ్యా. జ్వరాన్ని అప్పుడు రమ్మంటాను."

"చెప్పినట్టు వినే జ్వరమా?"

"మా నాన్న కంటే బాగా వింటుంది."

బావ నవ్వలేదు. వేలితో గళ్లు లెక్కపెట్టాడు. "నిద్ర ఐదు గంటలు. రెండో మేజర్ ఎందుకు?"

"రెండు పట్టాలుంటే ఉద్యోగం ఇచ్చేవాళ్లు నా కాగితం ఇంకోసారి చూస్తారు."

"వాళ్లు ఇంకోసారి చూడ్డానికి నువ్వు మూడేళ్లు నిద్ర మానుకుంటావా? ఇంకేమైనా కారణం ఉందా?"

అది కలం బల్ల మీద పెట్టింది. "ల్యాబులో ఏది చెప్పినా రుజువు అడుగుతారు. ఇంట్లో, బయట ఎవరేం చెప్పినా తలూపుతాం. ఎందుకో తెలుసుకోవాలని ఉంది."

"ఊఁ" అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కాస్త కిందికెళ్లి టీ తాగు" అన్నాడు. టీ తాగి వచ్చేసరికి మా అమ్మాయి మెట్లు దిగుతోంది.

"చేర్చుకున్నాడా?"

"లేదు నాన్నా."

ఆ వార్త మా అక్కకి ఫోనులో చెప్పాను.  అటు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

నెలాఖరు మంగళవారం వచ్చింది. ప్రిన్సిపాల్ స్వయంగా గదికి వచ్చి, రిజిస్టర్ చూసి మూసివేత మీద సంతకం పెడతాడని కబురు. "నువ్వెళ్లు తమ్ముడూ" అంది అక్క. "పత్రికవాడు పక్కనుంటే కాస్త జంకుతాడు." నేను ముప్పై ఏళ్లుగా పత్రికలో ఉన్నాను. నన్ను చూసి జంకిన మనిషిని ఇంతవరకు చూడలేదు. అయినా వెళ్లాను.

ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు. మోకాళ్ల నొప్పులు. మూడంతస్తులూ రెయిలింగు పట్టుకుని, ప్రతి మలుపులో ఆగి, నాతో వాతావరణం గురించి మాట్లాడుతూ ఎక్కాడు. నాలుగు గంటలవుతుండగా తలుపు తోశాడు.

గది నిండా జనం. బెంచీల మీద ముగ్గురు కూర్చోవలసిన చోట ఐదుగురు. కిటికీ గట్టు మీద, బీరువాకి ఆనుకుని, నేల మీద. రెండో బెంచీలో మా అమ్మాయి. మంగళవారాలు ల్యాబు ఉంటుందని ఇంట్లో చెబుతోంది.

ప్రిన్సిపాల్ రిజిస్టర్ తెరిచాడు. నాలుగు పేర్లు. తలలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు.

"వీళ్లంతా ఎవరండీ?"

"వినేవాళ్లు" అన్నాడు బావ.

"ఫీజు కట్టారా?"

"లేదు."

"పరీక్ష రాస్తారా?"

"రాయరు."

"హాజరు వేస్తారా?"

"వెయ్యను."

"మరి ఎందుకొస్తున్నారు?"

"నేనూ అదే అడిగాను. ఇంకా చర్చలో ఉంది."

వెనక నుంచి ఒకడు లేచాడు. చావింట్లో చూసిన మనవడు. "సార్ మా అందరిచేతా రెండో మేజర్ మాన్పించారండీ. మాన్పించి, గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు. పట్టా అక్కర్లేదు, తెలుసుకోవాలనుంటే మంగళవారం నాలుగింటికి రా, నిద్రొస్తే రాకు అన్నారు."

ప్రిన్సిపాల్ కుర్చీలో కూలబడి మోకాలు రాసుకున్నాడు. "ఏమయ్యా, ఇంతమందిని పెట్టుకుని నన్ను మూడంతస్తులు ఎక్కించావా? వీళ్లలో ఇద్దరు ఇక్కడ సంతకం పెడితే ఆరవుతారు. ఈ మూసివేత కాగితం చించి పారేస్తాను. నాకు మాత్రం సరదానా?"

ఆయన మాట పూర్తి కాకుండానే గది మొత్తం లేచి నిలబడింది. అందరికంటే ముందు మా అమ్మాయి, చేతిలో కలంతో సహా.

"కూర్చోండి!" అని అరిచాడు బావ. ఆయన అరవడం నేను అక్క పెళ్లినాటి నుంచి వినలేదు.

తర్వాత మామూలు గొంతుతోనే ప్రిన్సిపాల్‌తో అన్నాడు. "నేను ఉద్యోగంలో చేరిన ఏడాది మొదటి సంతకం ఒక కుర్రాడి కాగితం మీద పెట్టాను. రెండు మేజర్లు, గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. వారంలో ఒక్క గంట ఖాళీ లేదు. నేను భేష్ అన్నాను. ఆఖరి పరీక్ష రాసి ఇంటికెళుతూ సైకిల్ మీదే నిద్రపోయాడు. లారీవాడి తప్పేం లేదు. రెండింట్లోనూ పాసయ్యాడు. పట్టాలు తీసుకోవడానికి వాళ్ల నాన్న వచ్చాడు. ఏది దేనికో ఆయనకి తెలియలేదు. రెండూ కలిపి ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లాడు."

మా అమ్మాయి కలానికి మూత పెట్టింది.

"చదవగలిగినవాడు రెండు కాదు, నాలుగు చదవాలి. రిజిస్టర్లో ఉన్న ఆ నలుగురూ చదవగలరు. నేనే సంతకం పెట్టాను. మిగతావాళ్లకి నిద్ర లేదు. ఉన్న కాస్త నిద్రా నా ఉద్యోగం కోసం అడగలేను."

"శాఖ పోతే మీరేమవుతారు మావయ్యా?" అంది మా అమ్మాయి.

"మూసేది శాఖనే కోడలా. నా నోరు కాదు."

ఆ నలుగురికీ చివరిదాకా పరీక్షలు పెడతామని కాగితం అడుగున రాసి, ప్రిన్సిపాల్ సంతకానికి దిగాడు. ఆయన కలం రాయలేదు. విదిలించాడు, మళ్లీ రాయలేదు. మా బావే తన కలం అందించాడు.

మర్నాడు మా పత్రికలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. రాసింది నేనే. అంతకు మించి చోటు దొరకలేదు.

బావని కాలేజీ స్టోర్సులో వేశారు. కింది అంతస్తులో పొడవాటి గది, కిటికీలు లేవు, విరిగిన బెంచీలన్నీ అక్కడే. బల్బు ఒకటి వెలుగుతుంది, ఒకటి ఆలోచిస్తుంది. అక్కడ రూలు ఒకటి ఉంది. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ పేరు, వచ్చిన వేళ, తీసుకున్న వస్తువు పుస్తకంలో రాయాలి.

ఏడాది చివర తనిఖీకి వచ్చినాయన ఆ పుస్తకం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడట. ప్రతి మంగళవారం నాలుగు గంటలకి నలభై మంది రావడం, ఒక్కొక్కరూ ఒక్కొక్క సుద్దముక్క తీసుకుని ఐదున్నరకి వెళ్లడం ఆయనకి బోధపడలేదు.

"సుద్దముక్క తీసుకోవడానికి గంటన్నరా?"

"ఏరుకోవాలి కదండీ" అన్నాడట ప్రిన్సిపాల్. "మీ మోకాళ్లెలా ఉన్నాయి?"

పెట్టెలన్నీ లెక్కపెడితే ఒక్క సుద్దముక్క తేడా రాలేదు. రాదు. మా బావ పుస్తకంలో అబద్ధం రాయడు. సుద్దముక్క అని రాసిన ప్రతివాడికీ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి సుద్దముక్క చేతిలో పెట్టి మరీ పంపుతాడు. వద్దన్నా ఊరుకోడు.

మా అమ్మాయి తెచ్చే సుద్దముక్కలతో మా ఇంట్లో బీరువా సొరుగు నిండింది. ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన గాజు సీసాలో పోస్తోంది మా ఆవిడ. "ఏమండీ, ఇంకా ఎన్నాళ్లు చదువుతుంది ఇది? నాకు సీసాలు చాలడం లేదు" అని నిన్న కూడా అడిగింది.