సర్కారు బంద్ చేయని గుసగుస

ముందుగా నా తెలుగును మన్నించండి. ఇరవై ఒక్క సంవత్సరాలుగా నేను రాసిన ప్రతి కాగితాన్నీ ఎర్ర సిరాతో దిద్దిన చేయి పోయిన గురువారం మధ్యాహ్నం చల్లబడింది. మన రాత్రిబడి తెలుగు సార్ ఇక లేరు. ఈ వ్యాసం దిద్దుబాటు లేకుండానే మీ ముందుకు వస్తున్నది. ఇందులో కనిపించే తప్పులు నావి. కనిపించని తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని చెప్పుకోవడానికే, సార్ జ్ఞాపకంగా మన బడి పాత విద్యార్థులం వేస్తున్న ఈ సంచికలో నాకు చోటు కావాలని అడిగాను.

సార్ కూతురు, మనమందరం అక్క అని పిలిచే ఆమె, ఫోన్ చేసినప్పుడు నేను నయాపూల్ దగ్గర మా వకీలు గారి ఆఫీసులో దావా కాగితాలకు దారం కుడుతున్నాను.

"తమ్మీ, బాపు పోయిండు. కుర్చీలనే ఉండె. నిద్రపట్టిందనుకున్న. ఇన్ని దినాలకు నిద్రపట్టిందని సంతోషపడ్డ గూడ."

ఆ చివరి మాట ఆమె ఎందుకన్నదో నాకు తెలుసు. ఆమెకు పూర్తిగా తెలియదు.

సార్‌ను ఎరుగని పాఠకులు కొందరు ఉండవచ్చు గనుక చెబుతున్నాను. గౌలిపురలో పగలు చిన్నపిల్లలకు నడిచే బడిలోనే సాయంత్రం ఏడు గంటల నుంచి మా బడి నడిచేది. నేను సైకిల్ మీద పాల క్యాన్లు మోస్తూ, నా ఇరవై ఏడవ ఏట అందులో చేరాను. పిల్లల బెంచీల కింద మా మోకాళ్ళు పట్టేవి కావు. మొదటి రోజు సార్ నన్ను "రండి, కూర్చోండి" అన్నారు. అంతవరకు నన్ను ఎవరూ 'అండి' అని పిలువలేదు. రిజిస్టరులో పేరు రాయమన్నప్పుడు, వేలిముద్ర వేస్తానని చెప్పాను.

"వేలు మీ దగ్గరనే ఉండనియ్యండి. ముందుగాల పెన్సిల్ పట్టండి" అన్నారు.

వారం గడిచాక 'అండి' పోయి 'రా' వచ్చింది. నాకు ఆ రెండూ బిరుదులే.

సార్ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పాఠం చెప్పేటప్పుడు దానిని ఎడమ బుగ్గకు, తప్పు దిద్దేటప్పుడు కుడి బుగ్గకు మార్చేవారు. లవంగం కుడికి వచ్చిందంటే మాలో ఎవరికో గండమని గుర్తు. "తప్పు దిద్దుకుంటే చేతికి ఎర్ర సిరా అంటుతది, దాస్తే మొఖానికి అంటుతది" అనేవారు. మేము పరీక్ష రాస్తున్నప్పుడు మాత్రం కుర్చీలో వెనుకకు వాలి కళ్ళు మూసుకునేవారు. పాపం అలసిపోయారని అనుకునేవాళ్ళం. చూచిరాత రాసేవాళ్ళు రాసుకునేవాళ్ళు.

రెండవ సంవత్సరం సార్ నన్ను లీడరును చేశారు. లీడరు చేయవలసిన మొదటి పని, సార్ వచ్చేలోపు బోర్డు తుడవడం. పగటి బడి పిల్లలు ఇంటికి వెళుతూ బోర్డు మీద మా గురించి ఏదో ఒకటి రాసిపోయేవారు. ఒకనాడు సార్ నాకంటే ముందు వచ్చారు. బోర్డు మీద 'ముసలి గాడిదల బడి' అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. సార్ మాత్రం లవంగం నమిలి నవ్వారు.

"పోరడు అక్షరాలు ఎంత గుండ్రంగ రాసిండో సూడుండ్రి. గాడిదలు గూడ గిట్ల రాయాలె."

అందరూ నవ్వారు. సార్ ఆ మాట పూర్తి చేసేలోపే నేను బోర్డు తుడిచేశాను. సార్ కంట చెడ్డది పడనీయకపోవడమే నా ఉద్యోగమని నేను నమ్మాను. పదవ తరగతి ఉత్తీర్ణుడనై, డిగ్రీ పూర్తి చేసి, గుమస్తాను అయిన తరువాత కూడా ఆ ఉద్యోగానికి రాజీనామా చేయలేదు.

మూడేళ్ళ కింద అమ్మ, అంటే సార్ భార్య, కాలం చేసింది. అప్పటి నుంచి సార్‌కు నిద్ర తగ్గింది. పోయిన గురుపూర్ణిమకు మనమందరం కలిసి ఆయనకు ఫోన్ కొనిపెట్టాము. దాని బాధ్యత లీడరుగా నాకు అప్పగించారు. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను వెళ్ళి రీచార్జ్ చేసి, నేను రాసినది ఏదైనా ఉంటే చదివి వినిపించి, దిద్దించుకుని వచ్చేవాడిని.

మొన్న చలికాలంలో అలాగే వెళ్ళాను. సార్ అన్నం తిని, చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కుర్చీలో నిద్రపోతున్నారు. ముఖం మీద చిన్న నవ్వు. ఒడిలోని ఫోన్‌లో ఎవరో పరాయి దేశపు ఆడపిల్ల. ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి, మెత్తని కుంచెను మైకు మీద ఆడిస్తూ, ఏదో గుసగుసలాడుతున్నది.

"రోజు గిదే, తమ్మీ" అన్నది అక్క, గిన్నెలు తోముతూ. "గా పిల్ల ఏందో గొణుగుతది, బాపు గంట సేపు పండుకుంటడు. మంచిగనే ఉంది."

నాకు మంచిగా అనిపించలేదు. నాకు అనిపించినదేమిటో రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు. డెబ్భై ఆరేళ్ళ గురువు చెవిలో ఒక ఆడపిల్ల గుసగుస! నేను రీచార్జ్ కూడా చేయకుండా వచ్చేశాను.

ఆ వీడియోలు సార్‌కు చూపించింది మన గాజుల భాయ్ అని తెలిసింది. నాతోపాటు చదివినవాడే, చార్మినార్ దగ్గర లక్క గాజులు చేస్తాడు. మరునాడే అతని దుకాణానికి వెళ్ళాను.

"సార్‌కు ఏం చూపించినవ్ భాయ్?"

"అరె గుమస్తా సాబ్! సలాం లేదు, దువా లేదు, సీదా సమన్లేనా? కూసో, చాయ్ తాగు."

"ఆడపిల్ల గుసగుసలు పెద్దమనిషికి వినిపిస్తవా?"

"నువ్వు విన్నవా ముందుగాల? గామె తువ్వాల మడతపెడ్తది, కట్టె మీద గోరుతోని గీకుతది, మెల్లగ మాట్లాడుతది. గంతే. ఏఎస్‌ఎంఆర్ అంటరంట దాన్ని. నేను లక్క మీద రాళ్ళు ఒత్తుతుంటే సన్నగ టిక్కు టిక్కుమంటది సూడు, గసొంటిదే. నాకు మస్తు సుకూన్, పానం నిమ్మలమైతది. నా బీవీ ఏమో, గీ దయ్యం పిల్లను బంద్ జేస్తవా, చెప్పు తియ్యాల్నా అంటది. ఒక్కటే ఇల్లు, ఒక్కటే ఫోను, ఇద్దరికి రెండు తీర్లు. నీకు మంచిగ అనిపియ్యకుంటే నువ్వు ఇనకు."

"సార్ ఇజ్జత్ సంగతి ఇది."

"ఇజ్జత్ సార్‌దా, నీదా?"

నేను లేచాను. ఇక మీద సార్ ఇంటికి రావద్దని చెప్పాను. అతను నా కోసం తెప్పించిన చాయ్ తానే తాగి, పనికి కూర్చున్నాడు. తరువాత సార్ ఇంటికి నిజంగానే రాలేదు.

మరుసటి నెల రీచార్జ్ నెపంతో ఫోన్ ఇంటికి తెచ్చాను. ఆ పిల్ల వీడియోలన్నీ ఇక కనిపించకుండా చేశాను. ఫోన్‌లో చిన్నపిల్లలకు పెట్టే తాళం ఒకటి ఉంటుంది. నాకు అక్షరం పెట్టిన మనిషికి ఆ తాళం పెట్టాను. బదులుగా పురాణ ప్రవచనాలూ, పద్యాలూ నింపి, ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చి వచ్చాను. బోర్డు శుభ్రంగా తుడిచినంత తృప్తి కలిగింది.

ఆ తరువాతి నెల మొదటి ఆదివారం వెళ్ళేసరికి సార్ మెలకువగానే ఉన్నారు.

"గా పిల్ల కనవడ్తలేదురా" అన్నారు.

నేను సిద్ధపడి రాలేదు. నోటికి వచ్చినది చెప్పాను. "గసొంటి వీడియోలు సర్కారు బంద్ జేసింది, సార్."

ఇరవై ఒక్క ఏళ్ళలో సార్‌కు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. ఆయన నా ముఖం వంక చూశారు. నమ్మారు. అది చూసి నాకు భయం వేసింది.

"సర్కారుకు గామె ఏం జేసిందిరా? మెల్లగ మాట్లాడుతది. గంతే కద."

"ప్రవచనాలు పెట్టిన సార్. వినండి."

"విన్న. మంచిగనే చెప్తున్నడు గని, మాటకొక తప్పు చేస్తున్నడు. నేను దిద్దుకుంట కూసుంటున్న. నిద్ర యాడిదింక?"

నేను నవ్వాను. సార్ నవ్వలేదు. లవంగం ఏ బుగ్గనా లేదు. ఆయనే మళ్ళీ మొదలుపెట్టారు.

"నలభై ఏండ్లు అర్థం చెప్పిన రా. ఏ మాట చెవిల వడ్డా, దీనికి అర్థమేంది, ఇది తప్పా ఒప్పా అని తలకాయల ఒకటే లొల్లి. పండుకున్నా బంద్ గాదు. గామె మాటకు నాకు అర్థం తెల్వది. దిద్దేది లేదు. నడినెత్తి మీదికెంచి మెడ దాక సన్నగ జల్లు వడ్డట్టుంటది. మీరు పరీక్ష రాస్తుంటే, ముప్పై పెన్సిళ్ళ చప్పుడు... గప్పుడు గూడ గట్లనే ఉంటుండె. ఎవ్వలకు చెప్పలే. సార్‌కు పిచ్చి లేసిందంటరని."

అప్పుడు నేను ఒక్క మాట అనవలసింది. 'తప్పు నాది సార్, ఫోన్ ఇటివ్వండి.' తాళం తీయడానికి నిమిషం కూడా పట్టదు. కానీ తాళం తీస్తే అబద్ధం బయటపడుతుంది. ఆయన చేతి కింద తయారైన లీడరు ఆయనకే అబద్ధం చెప్పాడని తేలుతుంది. వచ్చే నెల ఆదివారం ఏదో ఉపాయంతో, సర్కారు మళ్ళీ అనుమతి ఇచ్చిందని చెప్పి, సరిచేద్దామనుకున్నాను. ఆ ఆదివారం వచ్చింది. సార్ అడగలేదు. అడగలేదు గనుక నేను చెప్పలేదు. మరో నెల అలాగే గడిచింది. సార్ కళ్ళ కింద చర్మం నల్లబడటం నేను చూశాను. చూసి, రీచార్జ్ చేసి వచ్చాను.

తరువాతి నెల ఆదివారం కంటే ముందు ఆ గురువారం వచ్చింది.

సార్‌ను పడుకోబెట్టిన చోట అక్క నా పక్కన కూర్చున్నది. ఆమె బస్ డిపో క్యాంటీనులో వంట చేస్తుంది. తన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆ పిల్లను వెతికి చూపించే దారి ఆమెకు లేదు.

"రోజు అడుగుతుండె తమ్మీ. సర్కారు మళ్ళ ఎప్పుడు సురు చేస్తదట, మనోనికి ఎరుక ఉంటది అడుగు అని. నువ్వే ఫికర్ జేస్తవని నేనే నిన్ను అడగలే."

'మనోడు' అంటే నేను. గాజుల భాయ్ వచ్చి పాడెకు భుజం పట్టాడు. గౌలిపుర సందు దాటేవరకు అతను ముందు, నేను వెనుక. అతను నా వైపు తిరిగి చూడలేదు.

ఆ పిల్ల వీడియోను నిన్న నా ఫోన్‌లో వెతికాను. వెంటనే దొరికింది. సర్కారు దానిని ఎన్నడూ ముట్టుకోలేదు. తలుపు వేసుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. సార్ చెప్పిన జల్లు నా మీద ఒక్క చుక్క కూడా పడలేదు. చెవిలో పురుగు దూరినట్టు అనిపించింది. రెండవసారి విన్నాను. మూడవసారి కళ్ళు మూసుకుని విన్నాను. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, హాయితో కాదు.

ఎందుకిట్లా అని ఆలోచించాను. నాకు చదువు లేని ఇరవై ఏడు సంవత్సరాలలో ఎవరైనా నా ముందు గొంతు తగ్గించారంటే, నాకు తెలియకూడనిది ఏదో మాట్లాడుకుంటున్నారని అర్థం. పాల లెక్క దగ్గర, ఆసుపత్రిలో, పెళ్ళిచూపులలో, అంతటా అంతే. గుసగుస అంటే నన్ను బయట నిలబెట్టి వేసిన తలుపు. అర్థం కాని మాట నాకు జల్లు ఎట్లా అవుతుంది? అర్థం కోసం నేను సగం ఆయుష్షు ఇచ్చాను. సార్‌కు అర్థాలు ఎక్కువై అలసిపోయారు. నేను ఇంకా ఆకలితో ఉన్నాను. ఒకే చప్పుడు ఆయనకు పరుపు, నాకు ముల్లు. గాజుల భాయ్ ఇంట్లో ఇద్దరికి రెండు తీర్లు కావడానికి కారణం కూడా ఇటువంటిదే ఏదో ఉంటుంది. ఎవరి చెవి వెనుక ఏ బతుకు ఉన్నదో పక్కవాడికి ఏం తెలుస్తుంది?

ఇంత బాగా వివరించగలిగానని ఒక క్షణం గర్వపడ్డాను. ఆ అలవాటు పోలేదు. ఈ వివరణ సార్‌కు చదివి వినిపిస్తే లవంగం కుడి బుగ్గకు మార్చి, ఒకటి రెండు చోట్ల గీత గీసి, ఆ తరువాత ఫోన్ తాళం తీయమని చేయి చాచేవారు. వివరణ తయారైంది. చాచే చేయి లేదు. ఆయన నిద్రలేక కూర్చున్న ఆ మధ్యాహ్నాలను నేను ఏ భాషలోనూ తిరిగి ఇవ్వలేను. ఈ బాధ కొంతకాలానికి తగ్గుతుందని పెద్దలు అంటున్నారు. తగ్గాలని నాకు లేదు, తగ్గుతుందన్న నమ్మకమూ లేదు.

ఈ సంచికను పన్నెండవ రోజు భోజనాల నాడు పంచుతున్నారు. నిర్వాహకులకు నా మనవి ఇది. మొదటి ప్రతి అక్క చేతికి వెళ్ళాలి. ఆమె చదవడం తక్కువ గనుక గాజుల భాయ్ పక్కన కూర్చుని చదివి వినిపించాలి. అతని గొంతు మంచిది. ఆ తరువాత, ఇంట్లో పెద్దల ఫోన్లు చేతిలో పట్టుకుని బాగుచేస్తున్నామని అనుకునే ప్రతి కొడుకూ, ప్రతి కోడలూ, ప్రతి శిష్యుడూ చదవాలి. అక్క వద్దంటే మాత్రం ఇంకెవరూ చదవనక్కరలేదు. అన్ని ప్రతులలో నుంచి ఈ పుటలు చింపివేయండి. చింపేటప్పుడు తొందరపడకండి. సార్ పటం ముందు కూర్చుని, మాట్లాడకుండా, ఒక్కొక్క పుటా పై నుంచి కిందికి, ఆ సన్నని చప్పుడు సార్‌కు వినిపించేలా, మెల్లగా చింపండి.