అమావాస్య దాటాక వచ్చిన మొగుడు

పందొమ్మిదివందల యాభైమూడు. అమలాపురంలో నేను పనిచేసిన సినిమా హాలు అప్పటికింకా రేకుల షెడ్డే. నేల, బెంచీ, కుర్చీ, వాటి పక్కన నడుమెత్తు గోడ కట్టి ఆడవాళ్ళకి వేరే భాగం. ఆ భాగానికి గేట్ కీపర్ని నేను. టిక్కెట్టు చింపడమే కదా పని అనుకుంటారు చాలామంది. ఓసారి చేసి చూడండి, తెలుస్తుంది. చంకలో ఒకణ్ణి, పైట చాటున ఇంకొకణ్ణి పెట్టుకుని "నేనొక్కత్తినేనండీ" అంటూ వచ్చేవాళ్ళని ఆపాలి. లైట్లు వెలగ్గానే మగాళ్ళకీ మాకూ మధ్య తెర లాగాలి, ఆట మొదలవగానే తీసెయ్యాలి. కాస్త ఆలస్యమైతే అటు ఈలలు, ఇటు తిట్లు.

జీతంలో లేని పని ఇంకోటి ఉండేది. కొత్త బొమ్మ పడ్డ రోజు మా ప్రొప్రయిటరుగారు, అంటే హాలు యజమాని, నన్ను పిలిచి "ఏం సూరమ్మా, కథ నిలబడుతుందా?" అని అడిగేవారు. మగాళ్ళు పాటలకీ కత్తియుద్ధాలకీ వస్తారు. ఆడవాళ్ళు కథని ఒప్పుకుంటేనే రెండో వారం. ఇంటర్వెల్లో నా చెవిన పడ్డ మాటల్ని బట్టి బాక్సు ఉంచాలో, తిప్పి పంపాలో ఆయన తేల్చుకునేవారు. బాక్సంటే రీళ్ళు పెట్టే రేకు పెట్టె.

ఆ ఏడు మహాలయ పక్షాల్లో ఓ బొమ్మ వచ్చింది. పేరు చెప్పను, తీసినవాళ్ళని ఇప్పుడు ఏడిపించడం దేనికి? పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు దసరా సెలవులకి పెళ్ళాం దగ్గరికి వస్తూ దారిలో చచ్చిపోతాడు. యముడి ముందు నిలబడి "నా సెలవులు వాడుకోనేలేదు ప్రభో" అని మొరపెట్టుకుంటాడు. యముడు జాలిపడి, మరుసటేడు పాడ్యమి నించి దశమి దాకా సెలవిచ్చి పంపుతాడు. వాడు పెళ్ళాం కళ్ళకి తప్ప ఎవరికీ కనపడడు. ఇంకేముంది, తోటలో పాటలు, వెన్నెట్లో పడవ షికార్లు! దశమి నాడు మాయమైపోతాడు. ఆ పిల్ల మళ్ళీ దసరా ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కూచుంటుంది. అక్కడ 'శుభం' అని వేసేడు మహానుభావుడు.

మొదటి రోజే గొడవ లేచింది. మునసబుగారి అత్తగారు ఇంటర్వెల్లో లేచి నిలబడ్డారు. "మహాలయ పక్షాల్లో చచ్చినవాళ్ళంతా వస్తారు. అమావాస్య నాడు మనం పెట్టింది పుచ్చుకుని వెళ్ళిపోతారు. అందరూ వెళ్ళిపోయాక వీడు పాడ్యమికి ఎలా ఊడిపడ్డాడే?" అన్నారు. "రేవులో పంటు పడవ దాటిపోయుంటుంది లెండి పిన్నిగారూ!" అందెవరో. ఇక చూడండి, ఏడవాల్సిన చోటల్లా పకపకలే.

"నిలబడదండి" అని చెప్పేసేను ప్రొప్రయిటరుగారితో.

"దసరాకి ఇదే ఉంచుదామనుకున్నానే!" అన్నారు పాపం. చివరికి అమావాస్య నాడు బాక్సు పంపేసి, పౌరాణికం ఏదైనా తెప్పిద్దామన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను.

మా హాలుకి ఎదురుగా మంగమ్మ ఇడ్లీ కొట్టు. మంగమ్మ కొడుకు సత్యం కొబ్బరికాయల పడవ మీద పనిచేసేవాడు. రెండేళ్ళ కిందట ధవళేశ్వరం దగ్గర వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయేడు. అక్కడే దహనం చేసేశారు. తల్లికి కడసారి చూపు దక్కలేదు. అప్పట్నించీ రోజూ వాడికో పళ్ళెం పెట్టేది. కోడలు నాగమణి ఇరవై నిండీ నిండని పిల్ల. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. రాజోలులో కుట్టుమిషనున్న కుర్రాడొకడు నాగమణిని చేసుకుంటానని అడిగించేడు. నాగమణి అన్న దశమిలోగా మాట చెప్పమని వచ్చి కూచున్నాడు. పిల్లకి ఇష్టమే, కానీ అత్త నోటితో వెళ్ళమంటే గాని కదలనంది. అత్త ఆ మాట అనదు. నాగమణి వెళ్ళిపోతే సత్యం నిజంగా పోయినట్టేనని మంగమ్మ భయం.

మర్నాడు మ్యాట్నీకి మంగమ్మ కొట్టు మూసి, కోడలి చెయ్యి పట్టుకుని నా గేటు దగ్గరికొచ్చింది.

"ఒదినా, ఇందులో చచ్చిపోయిన మొగుడు తిరిగొస్తాడంటగా? దీనికి చూపిద్దామని. చూస్తే ఆ రాజోలు గోల మర్చిపోద్ది" అంది.

నాగమణి తలెత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. "బాగానే ఉంది నీ వైద్యం!" అన్నాను. టిక్కెట్లు చింపకుండా ఉండలేను కదా, పంపేను.

ఇంటర్వెల్లో తెర లాగేనో లేదో, ముందు బెంచీలో ఒకావిడ మళ్ళీ అదే ఎత్తుకుంది. "అమావాస్యకి పోవాల్సినవాడు పాడ్యమికి రావడమేమిటమ్మా, చోద్యం కాకపోతే!"

మంగమ్మ గయ్యిమంటుందనుకున్నాను. అనలేదు. మెల్లిగా అంది. "పోవడానికి వాణ్ణి ఎవరైనా పంపేరా? ఇందాకణ్ణించీ బొమ్మలో చూస్తన్నాను. ఆ పిల్ల వాడి పటం దగ్గర రోజూ మంచినీళ్ళు పెడతంది. అమావాస్యకి వాడి పేరు చెప్పి ఓ స్వయంపాకం ఇచ్చిందా? బియ్యం, పప్పు, కూర పెట్టి ఇంక వెళ్ళిరా నాయనా అందా? సాగనంపకపోతే ఎక్కడికెళతాడు, గుమ్మంలోనే తిరుగుతాడు."

మంగమ్మ తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లోంచీ సత్యం పేరున ఒక్క స్వయంపాకం వెళ్ళలేదని మా వీధంతా ఎరుగుదుం.

ఇంటర్వెల్ తర్వాత ఎవరూ నవ్వలేదు. బొమ్మ వెలుగులో చూసేను, మంగమ్మ తెర వంక చూడ్డం లేదు, కోడలి మొహం వంక చూస్తోంది. చివర్లో బొమ్మలోని పిల్ల గుమ్మంలో చతికిలబడింది చూడండి, అప్పుడు లేచింది మంగమ్మ, హాలంతా దద్దరిల్లేలా. "లెగవే పిల్లా! ఇంకెంతకాలం కూచుంటావు? లోపలికెళ్ళి అన్నం తిను!"

మగాళ్ళ వైపునించి ఈలలు పడ్డాయి. "నోర్ముయ్యండి వెధవల్లారా!" అని గోడ మీంచి అరిచేను. నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదనిపించింది.

బయటికొచ్చేటప్పుడు మంగమ్మ నా గేటు పట్టుకుని ఏడ్చేసింది. "కథ నిలబడింది ఒదినా. వాణ్ణి నేను పంపలేదు. వాణ్ణీ పంపలేదు, దీన్నీ పంపలేదు." నాగమణి "అత్తా!" అంటూ ఆవిణ్ణి కావలించుకుంది. అంతమంది ఆడవాళ్ళు ఆ ఇరుకు దారిలో ఆగిపోయేరు. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి?

సరాసరి ప్రొప్రయిటరుగారి గదికెళ్ళి "బాక్సు పంపకండి" అన్నాను.

"నిన్న నిలబడదన్నావు?"

"నిన్న మంగమ్మ చూళ్ళేదండి."

అమావాస్య నాడు మంగమ్మ కొడుక్కిష్టమని కంద కూడా పెట్టి స్వయంపాకం ఇచ్చింది. ఆ పూటే తనే నాగమణి అన్నని పిలిచి, రాజోలు వాళ్ళని రమ్మని చెప్పమంది. ఆ దసరాకి మా హాల్లో అదే బొమ్మ. వచ్చినవాళ్ళందరికీ మంగమ్మ ఇడ్లీతో పాటు, ఆ కుర్రాడు పాడ్యమికి ఎలా వచ్చేడో కూడా వడ్డించి పంపేది. మునసబుగారి అత్తగారు కూడా "అలా అయితే సరే" అని మళ్ళీ చూసేరు.

తర్వాత చాలా ఏళ్ళు గేటు కాసేను. కథ నిలబడుతుందా అని అడిగితే మాత్రం మొదటి రోజు నోరు విప్పేదాన్ని కాదు. ఎవరి కథో వాళ్ళు వచ్చి చూడాలి కదండీ. "రేపు చెబుతానండి" అనేదాన్ని. ప్రొప్రయిటరుగారు విసుక్కునేవారు గాని ఊరుకునేవారు.

ఆ బొమ్మ ఆడిన మరుసటేడు దసరాకి మంగమ్మ మళ్ళీ నా గేటు దగ్గరికొచ్చింది. వెనకాల నాగమణి, పక్కన టైలరు కుర్రాడు. "ఏం ఒదినా, కోడలొచ్చిందా?" అని వేళాకోళమాడేను.

"కోడలేంటి? మా అమ్మాయి. పండక్కి పుట్టింటికొచ్చింది" అంది గొప్పగా.

పండగ వెళ్ళాక వాళ్ళని రాజోలు బస్సెక్కించింది. సున్నుండల డబ్బా, కొబ్బరికాయలు, కొత్త చీర, బస్సులో చోటు చాలలేదు. బస్సు కదిలిందాకా నాగమణి కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. నాకే ఉండబట్టక, "ఇంకో నాలుగు రోజులు ఉంచుకోవలసింది కదే" అన్నాను.

మంగమ్మ కొంగు దులుపుకుని కొట్టు వైపు నడిచింది. "వెళ్ళనీ ఒదినా. వెళ్తేనే కదా మళ్ళీ వచ్చేది!"