పోయొస్తా అని చెప్పల్ల

పన్నెండేళ్ళు నిండేలోపు ఐదు ఇళ్ళు మారాను. అమ్మానాన్నలు లేని పిల్లలను ఊళ్ళలో ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ళ ఇళ్ళల్లో ఉంచి పెంచే హోమ్ ఒకటి ఉండేది. ఇంట్లో కుదరలేదంటే హోమ్ జీపు వచ్చేది. ముందు నా గుడ్డల సంచీ ఎక్కేది, వెనకాల నేను. ప్రతి ఇంట్లోనూ చివరికి ఒకటే మాట. "పోతా అనకూడదు పాపా, పోయొస్తా అని చెప్పల్ల." నాలుగు ఇళ్ళల్లో బుద్ధిగా చెప్పాను. ఒక్క ఇంటికీ తిరిగి పోలేదు. రమ్మన్నవాళ్ళూ లేరు.

ఐదోది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. వేరుశనగ వేసి వాన కోసం కాచుకునే ఇల్లు. ఆ ఇంటామె కట్టెలకు గుట్ట ఎక్కుతూ నన్నూ తీసుకుపోయేది. "కాళ్ళ కల్ల చూస్తే పడతావు. ముందర రాయి కల్ల చూడు" అనేది. సీతాఫలం పండితే మొదటిది నాకే. ఆమెను అమ్మా అని పిలవడానికి నాకు ఏడాది పట్టింది. ఇంకో ఏడాదికి వానలు మొహం చాటేశాయి. మొగుడూ పెళ్ళాం బెంగళూరుకు కూలికి పోవాల్సి వచ్చింది. మళ్ళీ జీపు వచ్చింది.

"పోయొస్తా అని చెప్పు" అంది ఆమె.

"పోతా" అన్నాను.

మణికట్టు పట్టుకుంది. "అట్లనద్దు. పోయొస్తా అను."

విదిలించుకుని జీపెక్కాను. కోపం ఆమె మీద కాదు, ఆ మాట మీద. నాతో ఎన్నిసార్లు అబద్ధం ఆడిస్తారు?

పెద్దయ్యాక గుత్తిలో ఒక జిరాక్స్ షాపులో పనికి చేరాను. ఆదివారం వస్తే నీళ్ళ బాటిలు, చిత్రాన్నం డబ్బా పట్టుకుని ఏదో ఒక గుట్ట ఎక్కడమే. గొర్రెల కాపర్లు నిలదీసేవాళ్ళు. "ఏమ్మా, నిధులు తవ్వేదానికి వచ్చినావా?" ఊరికే ఎక్కుతున్నానంటే ఒక్కడూ నమ్మలేదు. గుట్ట దగ్గర వీడ్కోళ్ళు ఉండవు, అదే నాకు హాయి. జిల్లాలో ఎన్నో ఎక్కాను, ఆమె ఇంటి వెనక గుట్ట ఒక్కటి తప్ప. కొన్నేళ్ళకు అదీ విసుగేసింది. ఏది దిగినా కింద నాకోసం ఎవరూ ఉండరు. ఆ అలసట నిద్రపోతే తీరేది కాదు.

ఒక ఆదివారం కళ్యాణదుర్గం బస్సెక్కాను. వాళ్ళు ఇంకా బెంగళూరులోనే ఉంటారు, గుట్ట ఎక్కి దిగి వచ్చేద్దామనుకున్నాను. దారి మాత్రం ఆ ఇంటి పక్కనుంచే. ఆమె వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసింది. నేనెవరో చెప్పాను. చేతిలో కాయలు పక్కన పెట్టింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పకుండ పోతివి కదా. జీపు మలుపు తిరిగినాక నీ బదులు నేనే చెప్పినా, పోయొస్తా అని. లేకుంటే ఎట్ల వస్తావు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు గుట్ట ఎక్కలేదు. సంగటి పెట్టింది, తిన్నాను. సాయంత్రం బస్సుకు లేచి, గడప దగ్గర నిలబడి, "పోయొస్తామ్మా" అన్నాను.

"ఎప్పుడు?" అంది.

ఇన్ని ఇళ్ళల్లో ఆ మాట చెప్పించినవాళ్ళే గానీ, ఎప్పుడని అడిగినవాళ్ళు లేరు.

"వచ్చే ఆదివారం" అన్నాను.